మొదటి గడిలో పెద్దమ్మ

మా ఆయన తండ్రి, మా మామయ్య యతిరాజులుగారి షష్టిపూర్తి వీడియోను డీవీడీగా చేసే పని నా నెత్తిన పడింది. అందరూ ఫోన్లలో చూసుకునే రోజుల్లో డిస్కు ఎందుకని అడగబోయి ఊరుకున్నాను. మా చుట్టాల్లో పెద్దవాళ్ళ ఇళ్ళలో డీవీడీ ప్లేయర్లు ఇంకా టీవీ కింద భద్రంగా ఉన్నాయి. కన్నాంబ పెద్దమ్మ దగ్గరైతే బటన్ల ఫోను తప్ప వేరే ఫోను లేదు. నిజం చెప్పాలంటే ఈ డిస్కు ఆవిడ కోసమే.

పెద్దమ్మ మా మామయ్యకు అక్క. మైలాపూరులో ఉంటుంది. ఒకప్పుడు వాషర్‌మెన్‌పేటలో మా స్టీలు సామాన్ల కొట్టు మీదున్న ఈ ఇంటికి వారం వారం వచ్చేదట. నా పెళ్ళి ఆల్బంలో ఆవిడ ఫోటో చిట్టచివర, వంటవాళ్ళ పక్కన పడింది. ఆల్బం కట్టినవాడు చేసిన నిర్వాకం అది. అంతే, ఆనాటి నుంచి ఆవిడ మా గడప తొక్కలేదు. శుభకార్యాలకు మండపానికి వచ్చి, అక్షింతలు వేసి, మెతుకు ముట్టకుండా వెళ్ళిపోతుంది. కోడలు అడుగుపెట్టింది, ఆడపడుచు రాకపోకలు ఆగిపోయాయి. నా ప్రమేయం ఏమీ లేకపోయినా నాకు బాధగానే ఉండేది. ఈ డిస్కుతోనైనా ఆవిడ మనసు కరగాలని నా ఆశ.

మామయ్య పైకి మాత్రం మహా బింకంగా ఉండేవారు. పిలిచినా రాని మనిషిని ఎంతకని పిలవాలి అనేవారు. అలా అంటూనే నేను లాప్‌టాప్ తెరిచినప్పుడల్లా వెనక నిలబడి, "అక్కను ముందర పెట్టినావా?" అని అడిగేవారు. కాఫీ తాగివచ్చి మళ్ళీ అదే అడిగేవారు.

నేను దించుకున్న సాఫ్ట్‌వేర్ నాలాంటి ఏమీ రానివాళ్ళ కోసమే చేసినట్టుంది. వీడియోలు చేర్చండి, అలంకరించండి, డిస్కులోకి ఎక్కించండి, అంతే. డిస్కు పెట్టగానే టీవీ మీద గడులు గడులుగా ఒక మెనూ వస్తుంది. ఒక్కో గడిలో ఒక్కో ఘట్టం బొమ్మ. ఏది కావాలంటే దాని మీదికి వెళ్ళి ఓకే నొక్కుకోవచ్చు. అలంకరణకు బెలూన్లు ఇచ్చాడు, క్రిస్మస్ చెట్టు ఇచ్చాడు, సముద్రతీరం ఇచ్చాడు. వెతగ్గా వెతగ్గా పూలదండ ఉన్నది ఒకటి దొరికింది. మొదటి గడిలో పెద్దమ్మ అక్షింతలు వేసే ఘట్టం పెట్టాను. లాప్‌టాప్‌లో ఆవిడ ముఖం నిండుగా, బొట్టుతో సహా కనిపించింది. షష్టిపూర్తి తనది కూడా అయినా, రెండో గడికి మా అత్తగారు శారదాంబ మారుమాట లేకుండా ఒప్పుకున్నారు.

పెద్దరికాన్ని బట్టి తొలి డిస్కు మైలాపూరుకే పోవాలన్నారు మామయ్య. కొట్టు వ్యానులో పండూ తాంబూలంతో పంపించాం. ఆ తర్వాతే మా డిస్కు వేసుకుని అందరం తీరిగ్గా టీవీ ముందు చేరాం.

మెనూ వచ్చింది. మొదటి గడిలో పెద్దమ్మ ముఖం కనిపించింది. మరుక్షణం ఆ బొమ్మ కదిలింది. గడుల్లో బొమ్మలు కదులుతాయని ఆ సాఫ్ట్‌వేర్ నాకు ఒక్క ముక్క చెప్పలేదు. పెద్దమ్మ అక్షింతలు చల్లి, వెనక్కి తిరిగి, కొప్పులో కనకాంబరాలతో, వీపు చూపిస్తూ నడిచి వెళ్ళిపోయింది. మళ్ళీ ప్రత్యక్షమైంది. మళ్ళీ వీపు. మిగతావాళ్ళంతా వాళ్ళ వాళ్ళ గడుల్లో నవ్వుతూ ఉంటే ఆవిడ ఒక్కతే ఎడతెగకుండా వెళ్ళిపోతోంది.

అత్తగారు చెంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఆఖరి పేజీలో ఫోటో పడ్డందుకే ఇన్నేళ్ళ అలక, ఇక వీపుకు ఎన్నేళ్ళో. మామయ్య మాత్రం కాసేపు అలాగే తెరవంక చూసి, కొట్లో పని ఉందని దిగి వెళ్ళిపోయారు. అసలు సినిమా చూద్దామని ఎవరూ అనలేదు.

మర్నాడు పొద్దునే కింద ఆటో ఆగింది. పెద్దమ్మ మెట్లెక్కి వచ్చింది, చేతిలో డిస్కు. నేను గుమ్మంలోనే క్షమాపణ మొదలుపెట్టాను. ఈ పనికి కొత్తదాన్ని, తెలియలేదు, ముఖం ఉండేలా మార్చి ఇస్తాను అన్నాను.

"మార్చబాకమ్మే, సినిమా బాగుండాది," అంది పెద్దమ్మ.

ఏ ఘట్టం నచ్చిందని అడిగితే వింతగా చూసింది. ఇంకా ఘట్టాలున్న సంగతే ఆవిడకు తెలియదు. ఓకే నొక్కలేదు. నిన్నటి నుంచీ ఆ మెనూనే సినిమా అనుకుని చూస్తోంది. నాకు నవ్వు రాబోయింది గానీ, ఆవిడ కళ్ళు చూసి ఆగిపోయాను.

"మండపంలో నేను తిరిగి చూడలేదు గదమ్మే, వచ్చినదాన్ని వచ్చినట్టే పోయినా. ఆడ చూస్తే నా వెనకాల, ఒక వారగా మా తమ్ముడు, దండ మెళ్ళో పెట్టుకొని, మెడ చాపి నన్నే చూస్తా ఉండాడు. నేను మళ్ళీ వస్తా, మళ్ళీ పోతా. ఎన్ని తూర్లు పోయినా వాడు ఆడనే నిలబడి చూస్తా ఉండాడు."

మేమంతా ఆవిడ వీపే చూశాం. ఆ వెనక ఉన్న మామయ్యను మాలో ఎవరమూ చూడలేదు, బహుశా ఆయన తప్ప.

అత్తగారు విస్తరి వేశారు. మామయ్య కొట్టు నుంచి పైకి వచ్చేసరికి గుమ్మం దగ్గర అక్క చెప్పులున్నాయి, లోపల అక్క రసం కలుపుకుంటోంది. ఆయనా అక్కడే చెప్పులు విడిచారు. వెళ్ళి ఆవిడ పక్కనే చతికిలబడ్డారు. అక్కడి నుంచి టీవీ కనిపిస్తుంది కదా, నేను అంత కష్టపడి కూర్చిన అసలు వీడియో చూపిద్దామని డిస్కు పెట్టి ఓకే నొక్కాను. నాదస్వరం మొదలైందో లేదో పెద్దమ్మ ఎడమచేత్తో వారించింది.

"దాన్ని ఎందుకు తీసేసినావు? ముందరిది పెట్టు."

పెట్టాను. టీవీలో పెద్దమ్మ వెళ్ళిపోతూనే ఉంది. ఇక్కడ తమ్ముడి పక్కన కూర్చుని, ఇంకాస్త మజ్జిగ పోయమంది.