గేటు పక్క మట్టి

మేత బయల్లో గడ్డి పలచబడి, దాని చోట మూడాకుల పుల్లాకు అల్లుకుంటూ వచ్చింది. ఆవులు దాన్ని మూతితో పక్కకు నెట్టి, మిగిలిన గడ్డినే మొదలంటా కొరికేవి. నేల పులిసిపోయింది, సున్నం వెయ్యాలని అక్క అంది. నేలలో సారం అయిపోయింది, ఆవుల్ని అమ్మేసి కలప మొక్కలు పెడదామని తమ్ముడు అన్నాడు. బయలు ఇద్దరిదీ. ఆవులు మాత్రం అక్కవి. పెళ్లి మాట ఎవరెత్తినా మేత వేళయిందని లేచి వెళ్లిపోయేంతగా అక్కవి.

చివరికి మట్టి పరీక్ష చేయించడానికి ఒప్పుకున్నారు. పులుపు ఉందని తేలితే సున్నం వేసి ఆవుల్ని ఉంచుకోవడం, లేదని తేలితే మొక్కలు పెట్టడం.

తమ్ముడు పట్నం వెళ్లే రోజు మట్టి తవ్వి సంచిలో పట్టుకెళ్లాడు. నేలలో పులుపు లేదని, సున్నం అక్కర్లేదని ఫలితం వచ్చింది. అతను గెలిచినట్టు మాట్లాడలేదు. ఆవుల బేరగాడికి ఫోన్ చేసి, బాగా చూసుకునే వాళ్లకే ఇవ్వమని ఒకటికి రెండుసార్లు చెప్పాడు. అక్క ఆ పూట పాలు పితికి, గిన్నెలు కడిగి వచ్చి, ఎక్కడ తవ్వావో చూపించమంది.

బయలు గేటు పక్కన చూపించాడు. ఒక్కటే గొయ్యి. మిగతా చోట్ల నేల రాయిలా ఉందని, ఇక్కడ పార వెన్నలో దిగినట్టు దిగిందని చెప్పాడు.

"అమ్మ పొయ్యిలో బూడిదంతా ఇక్కడే పోస్తుందిరా. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఇక్కడే."

సున్నంలాగే బూడిద కూడా నేలలో పులుపు విరుస్తుంది. ఆ ఇంట్లోనే పుట్టి పెరిగినా బూడిద ఎక్కడికి పోతుందో తెలుసుకోవాల్సిన పని అతనికి ఎప్పుడూ పడలేదు. గోతిలోకి వంగి చూశాడు.

"అయితే నేను పరీక్ష చేయించింది ఇన్నేళ్ల వంటనన్నమాట," అన్నాడు.

అతను తవ్విన పొద్దున తల్లి, గేటు కనిపించే వాకిట్లోనే బట్టలు ఆరేస్తూ ఉంది. అక్కకు అది గుర్తొచ్చి వంటింట్లోకి వెళ్లింది.

"వాడు తవ్వుతుంటే చూశావా?"

"చూశాను."

"మరి చెప్పలేదేం?"

తల్లి కూరలు తరగడం ఆపలేదు. "చెబితే ఇంకెన్నేళ్లు ఆ పేడలో పడి ఉంటావో. వేళ్లు ముడవలేక నువ్వు మూలుగుతుంటే గోడ అవతల నాకు వినపడదనుకున్నావా? వాణ్ని అక్కడ తవ్వమని నేను చెప్పలేదు. తవ్వుతుంటే ఊరుకున్నాను, అంతే."

"నొప్పి నాది, ఆవులూ నావి. రెండూ నేనే చూసుకుంటానమ్మా."

తల్లి తరిగిన ముక్కల్ని గిన్నెలోకి తోసింది.

ఈసారి అక్కా తమ్ముడూ కలిసి బయలంతా వంకరటింకరగా నడిచి, అక్కడక్కడా తవ్వి, మట్టంతా కలిపి పంపారు. పులుపు బాగా ఉందని వచ్చింది. బేరగాడికి వద్దని చెప్పే పని తమ్ముడి నెత్తినే పడింది. అవతలివాడు తిట్టినంతసేపూ ఫోన్ చెవికి దూరంగా పట్టుకుని నిలబడ్డాడు.

గాలి లేని ఒక పొద్దున సున్నపురాయి పొడి చల్లడం మొదలుపెట్టారు. ఆకుల మీది పొడిని వాన కడిగేదాకా ఆవుల్ని కొట్టంలోనే కట్టేసి మేపాలి. తమ్ముడు మూతికి గుడ్డ కట్టుకున్నా కనురెప్పల దాకా తెల్లబడ్డాడు. పిండిమరలో ఎలుకలా ఉన్నావని అక్క అంటే, మరి ఈ మర నడిపిస్తోంది ఎవరని అతను అడిగాడు.

తల్లి కంచె దాకా వచ్చి నిలబడింది.

"ఇది వేస్తే ఎన్నాళ్లుంటుంది?"

"ఐదారేళ్లు," అంది అక్క. "తర్వాత మళ్లీ పరీక్ష చేయించాలి."

తల్లి తెల్లబడిన మేర అంతా చూసింది. కూతురి మొహం కూడా చూసింది.

"అప్పుడు నిన్నే అడుగుతాను, ఇక చాలా అని."

"అడుగు," అంది అక్క, పొడి గంప అందుకుంటూ. ఇంకా సగం బయలు మిగిలే ఉంది.