పీపాలో వేడెక్కిన నీళ్లు

సారా మూడో కాపు పొయ్యి మీద ఉంది. ఆ ఏడాది ద్రాక్షంతా రెండుసార్లు కాగి, చివరికి సోంపుతో కలిసి ఆ ఒక్క రాగి బానలోకి చేరింది. ఇది చెడితే మళ్లీ ద్రాక్ష పండేదాకా అబూ షాహీన్ అమ్ముకోవడానికి ఇంట్లో ఏమీ లేదు.

బాన మెడకి పిండిముద్ద మెత్తి ఆవిరి పోకుండా మూశాడు. ఆవిరి గొట్టం చన్నీళ్ల పీపాలో మెలికలు తిరిగి, కింద చుక్కలుగా కారుతుంది. కొండ కాలువ నీళ్లు పీపా అడుగున దూరి, వేడెక్కి, పైనుంచి బయటికి పోవాలి. అంతా తనే అమర్చుకున్నాడు. ఇంకొకరి చేయి పడితే ఏదో ఒకటి వదులు చేసి పోతారని ఆయన భయం.

మధ్యాహ్నానికి చుక్కలతోపాటు ఆవిరి కూడా బయటికి రాసాగింది. పెరడంతా సోంపు వాసన.

"ఊరందరికీ ఊరికే తాగిస్తున్నావా ఏంటి?" అంది భార్య వదాద్.

పీపాలో చేయి పెట్టాడు. "వెచ్చగా ఉన్నాయే!"

"తలంటుకుంటావా? సబ్బు తేనా?"

"నవ్వు, నవ్వు. ఇది పైతోట తన్నూస్ పని. పొద్దుట్నుంచీ వాడి పెరట్లో పొగ చూస్తున్నా. ద్రాక్షంతా అమ్మేశానన్నాడు. దొంగచాటుగా బట్టీ పెట్టి, వేడినీళ్లు నా మీదికి తోస్తున్నాడు."

"అయితే మంట తీసెయ్యి."

"తీస్తే సోంపు అడుక్కి దిగి, మళ్లీ వెలిగించగానే మాడుతుంది. సన్నపుల్లలు ఒక్కోటీ పెడుతూ ఉండు. ఎవర్నీ దగ్గరికి రానివ్వకు."

"నన్నైనా ఉండనిస్తావా?"

అబూ షాహీన్ పార భుజానేసుకుని కాలువగట్టు ఎక్కాడు.

తన్నూస్ పెరట్లో నిజంగానే పెద్ద కళాయి ఉడుకుతోంది.

"రావయ్యా అబూ షాహీన్! పార తెచ్చావు, నాకు గొయ్యి తవ్వడానికా?"

"ఏం కాస్తున్నావు?"

"ద్రాక్షపాకం. పిల్లలకి రొట్టెలోకి. నమ్మకపోతే నాకి చూడు."

అబూ షాహీన్ నాకాడు. పాకమే. అయినా గరిటె తిప్పి అడుగుదాకా చూశాడు.

తన్నూస్ మొహంలో నవ్వు పోయింది. "ఏంటి నీ అనుమానం?"

"కాలువలో నీళ్లు వేడిగా వస్తున్నాయి."

"పద, చూద్దాం."

గట్టు దిగుతూ ఇద్దరూ నీళ్లలో చేతులు ముంచారు. తోట చివర వేళ్లు కొంకర్లు పోయాయి. రాళ్ల మలుపు దగ్గరా అంతే. అబూ షాహీన్ గోడ పక్కకి వచ్చేసరికి వెచ్చగా తగిలింది.

అక్కడ కాలువలో పడుతున్నది ఆయన గొట్టమే. పీపా పైనుంచి వచ్చే వేడినీళ్లు. కాస్త కిందనే, ఆ నీళ్లనే ఆయన పీపా మళ్లీ పీల్చుకుంటోంది.

బట్టీకి వాడిన నీళ్లు తిరిగి కాలువలో వదలడం ఆ ఊరి కట్టుబాటు. అందరూ ఇంటి వెనక, దిగువకి వదులుతారు. నీళ్లు మింగేశాడని తనని ఎవరూ అనకూడదని, దారినపోయే ప్రతివాడికీ కనబడేలా ఈయన ఈసారి గోడ పక్కన వదిలాడు. ఆ చోటు ఎగువన ఉందని తట్టలేదు.

"నీ వేడి నువ్వే తాగుతున్నావు కదయ్యా!" అన్నాడు తన్నూస్.

అబూ షాహీన్ వంగాడు. గొట్టం పట్టుకుని దిగువకి లాగాడు. పొడవు చాలలేదు.

"నా దగ్గర ఇంకో గొట్టం ముక్క ఉంది, తేనా?"

"ఎందుకిస్తావు?"

"కూచుని తీరిగ్గా ఆలోచించుకో. ఈలోగా నీ సారా గాలికి పోనీ."

పెరట్లోంచి వదాద్ కేకేసింది. "ఆవిరి ఎక్కువైపోతోందయ్యా!"

"తే" అన్నాడు అబూ షాహీన్.

గొట్టం తెచ్చాక, చిల్లుందేమోనని ఊది చూశాడు. లేదు. రెండూ కలిపి గుడ్డపేలికతో బిగించి దిగువకి వదిలారు. మెల్లగా పీపా చల్లబడింది. ఆవిరి ఆగి, చుక్క సన్నటి ధారయింది. గాలికి పోయింది పోగా మిగతాది దక్కింది.

పొద్దు వాలాక వదాద్ రొట్టె, పెరుగు, ఆలివ్ కాయలు పెట్టింది. అబూ షాహీన్ కొత్త సారా గ్లాసులో పోసి నీళ్లు కలిపాడు. సోంపు సారా కదా, పాలలా తెల్లబడింది. తన్నూస్ ముందు పెట్టాడు.

తన్నూస్ దాన్ని ముట్టలేదు. తన పాకాన్ని ఆయన చూసినట్టే అడుగుదాకా చూసి, వెనక్కి తోశాడు.

"ముందు నువ్వు తాగు."

అబూ షాహీన్ అతని కళ్లలోకి చూశాడు. అక్కడ నవ్వు లేదు. గ్లాసెత్తి సగం తాగి, మిగతా సగం అందించాడు.