నాలుగో ఆవిడ వంతు

తేదీ జూలై నెల రెండో ఆదివారం, వేళ మధ్యాహ్నం, స్థలం కళ్ళద్దాల దుకాణం పైగది. హాజరైనవారు ముగ్గురు, రావలసినవారు ఒకరు. ఇంతవరకు రాసి టీచరు కలం ఆపింది. ఆ ఒక్కరి రాక తేలందే తక్కిన వాక్యం ముందుకు కదలదు.

ఆ ముగ్గురూ, రావలసిన ఆ ఒక్కతీ పదో తరగతిలో ఒకే రిలే జట్టు. మొదట పరుగెత్తింది పొట్టి. ఇప్పుడు బట్టలు కుడుతుంది. రెండోది టీచరు. మూడోది ఈ గది సొంతదారు, కింద దుకాణంలో అద్దాలు సానబట్టే మనిషి. నాలుగోది జింక. ఆ పేరు బడిలో పెట్టింది. ఇవాళ ఇళ్ళు కట్టించే కంపెనీకి యజమానురాలైనా వీళ్ళ నోట జింకే. పోటీ గెలిచిన రోజున కప్పు హెడ్మాస్టరుగారి బీరువాలోకి పోయింది. పరుగులో చేతులు మారిన కర్ర మాత్రం, గీత దాటాక కూడా ఆగడం మరిచిపోయి గేటుకు గుద్దుకుని వీధిలోకి పరుగుతీసిన జింకతోపాటు బడి దాటి వచ్చేసింది. డ్రిల్లు మాస్టారు అడగలేదు, వీళ్ళు ఇవ్వలేదు.

కర్ర అంటారు గానీ, అది ఎర్ర రంగు వేసిన జానెడు పైచిలుకు అల్యూమినియం గొట్టం. నాటినుంచి ఒక్కొక్కరి ఇంట ఏడాది చొప్పున కాపురం చేస్తోంది. చేతినుంచి చేతికే ఇవ్వాలి; పార్సిలు పనికిరాదు, మధ్యవర్తి పనికిరాడు. ఇచ్చినవారూ పుచ్చుకున్నవారూ కాగితం మీద సంతకాలు పెట్టాలి. పెద్దవాళ్ళ దస్తావేజులను వెక్కిరించడానికి ఆడపిల్లలు సరదాగా పెట్టుకున్న నియమాలవి. జుట్టు నెరిసే వయసొచ్చాక, అసలు దస్తావేజులకు కూడా లేని భక్తితో వాటిని పాటిస్తున్నారు.

ఈసారి ఇవ్వవలసింది మూడో ఆవిడ, పుచ్చుకోవలసింది జింక. ఏడాది పొడుగునా మూడో ఆవిడ ఎదురుచూసింది ఈ పూటకోసమే. మామూలు రోజుల్లో జింక ఫోనుకు దొరకదు. ఇళ్ళలో పెళ్ళిళ్ళయితే కానుక పంపుతుంది, తను రాదు. తన వంతు వచ్చిన ఏడు మాత్రం ఎలాగో ఒక పూట చిక్కించుకుని ఈ మెట్లెక్కేది. అందుకే మూడో ఆవిడ పొద్దున్నే కర్రను తడిగుడ్డతో తుడిచి, గేటు గుద్దుకున్నప్పుడు పడ్డ సొట్టలో బొటనవేలు ఆనించుకుని కూర్చుంది. అద్దం అంచును తడిమి నునుపు చెప్పగల వేలు అది. ఆ సొట్టలో మాత్రం పని మరిచి అలాగే ఉండిపోతుంది.

మెట్ల మీద అడుగుల చప్పుడైంది. వచ్చింది జింక కాదు, జింక కోడలు. అందరికీ నమస్కారం పెట్టి, అత్తయ్యగారికి అనుకోని పని తగిలిందనీ, వస్తువేదో ఇస్తే జాగ్రత్తగా చేరుస్తాననీ చెప్పింది. చేతిలో గుడ్డసంచీ సిద్ధంగానే ఉంది.

"లీపు సంవత్సరమైనా నాలుగేళ్ళకోసారి మాట నిలబెట్టుకుంటుందమ్మా. మీ అత్తగారికి అదీ చేతకాలేదు," అంది పొట్టి.

కోడలికి నవ్వాలో మానాలో తెలియలేదు. టీచరు ఆ పిల్లకు కుర్చీ చూపించి, ఎండనపడి వచ్చింది పాపం, ఈ ఒక్కసారికీ ఇచ్చేద్దామని సర్దిచెప్పబోయింది. మూడో ఆవిడ కర్రను ఒళ్ళోకి లాక్కుంది. ఇవాళ ఇది సంచీలో పడితే జింకకు ఇక ఈ మెట్లతో పనిలేదు. వచ్చే విడతకు డ్రైవరు వస్తాడు, ఆపై విడతకు ఎవరూ రారు.

"సంచీలో వెయ్యనమ్మా. ఆవిడకు ఫోను కలుపు," అంది.

పరుగు గుర్తొచ్చినప్పుడు ఆమెకు జింక ముఖం గుర్తురాదు. పుచ్చుకునే మనిషి వెనక్కి చూడకూడదు, పరుగెత్తుతూ చెయ్యి మాత్రం వెనక్కి చాపాలి. మాస్టారు నేర్పిన పద్ధతి అది. కనుక ఆమెకు దక్కింది ఎగిరే జడ, చెమటకు వీపునంటిన చొక్కా, తెరిచిన అరచెయ్యి. అందులో కర్ర పెట్టిన ఆ లిప్తపాటు ఇద్దరి చేతులూ ఒకే గొట్టాన్ని పట్టుకుని ఉండేవి. ఆమెను అంతగా నమ్మి, చూడకుండా చెయ్యి చాపినవాళ్ళు ఆ తరవాత బతుకులో ఎవరూ తారసపడలేదు.

ఫోను కలిసింది. ముందుగా చెప్పనందుకు ఏమీ అనుకోవద్దంది జింక, ఆఫీసు తలనొప్పులు ఏకరువు పెట్టింది. మూడో ఆవిడ అడ్డుతగలకుండా అంతా విని, పోనీ సాయంత్రం రమ్మంది, ఎంతసేపైనా కూర్చుంటామంది.

"పని ఒక్కటే కాదే," అంది జింక. "పోయినసారి నా దగ్గరున్నప్పుడు ఒకరోజు తీసి చూశాను. గొట్టంలాగే కనబడింది. ఏమీ అనిపించలేదు. అనిపించనందుకు మాత్రం ఏడుపొచ్చింది."

"అలసిపోయి ఉంటావు."

"నీ దగ్గరే ఉంచేసుకో. నిజం చెప్పు, ఎప్పుడూ నీకు ఇవ్వబుద్ధి కాదు కదూ?"

నిజమే. ఇచ్చిన ప్రతిసారీ ప్రాణం ఉసూరుమనేది. ఇది నాదే అయితే ఎంత బాగుండునని కుళ్ళుకునేది. ఇవాళ అడక్కుండానే ఒళ్ళో పడింది. పడ్డాక తెలిసింది, తను కోరుకున్నది కర్రను కాదు, దాన్ని అందుకునే చేతిని అని.

"ఆ మాటేదో వచ్చి చెప్పకూడదూ?" అంది.

"వస్తే చెప్పలేనే," అంది జింక.

కోడలు ఖాళీ సంచీ మడుచుకుని, వెళ్ళొస్తాను పిన్నిగారూ అని మెట్లు దిగింది. పొట్టి ఏదో హాస్యమాడబోయి మానేసింది. జింక అన్నది మూడో ఆవిడ నోట విని, టీచరు ఆగిన వాక్యాన్ని పూర్తిచేసింది: నాలుగో వ్యక్తి తన వంతును శాశ్వతంగా వదులుకున్నందున కర్ర ఇకపై మూడో వ్యక్తికే చెందును. సాక్షుల సంతకాలు రెండూ పడ్డాయి. పుచ్చుకున్నవారి చోట మూడో ఆవిడ పెట్టవలసిన సంతకం ఒక్కటే మిగిలింది.

ఆమె నిదానంగా చదివింది. వాక్యం మొత్తాన్ని గీతతో కొట్టేసి, కింద గుండ్రటి అక్షరాలతో రాసింది: నాలుగో వ్యక్తి ఇంకా రాలేదు.

"జింక అన్న మాట అది కాదుగా," అంది టీచరు.

"తెలుసు. నేను రాసింది అబద్ధమా?"

పుచ్చుకున్నవారి చోటును ఖాళీగా వదిలేసి, ఇచ్చేవారి చోట మూడో ఆవిడ సంతకం పెట్టింది. సిరా ఆరేదాకా ముగ్గురూ ఆ కాగితం వంకే చూస్తూ కూర్చున్నారు. తరవాత మూడో ఆవిడ దాన్ని నాలుగు మడతలు పెట్టి, బల్ల సొరుగులో దాచింది.