కట్ చెప్పేదాకా

మా వదిన కాలిపోతుంటే నూట ఇరవై మందిమి చూస్తూ నిలబడ్డాం. మమ్మల్ని ఎవరూ కట్టెయ్యలేదు. మాలో సగం మంది చేతుల్లో ఉన్నవి చెక్క తుపాకులే. అయినా కదల్లేదు. డైరెక్టరు ఇంకా కట్ చెప్పలేదని.

సిగ్గుపడాల్సిన సంగతి కాబట్టే దీన్ని ముందు చెబుతున్నాను. ఇది చదివే కార్మికులూ, విద్యార్థులూ మేమేదో పుట్టుకతోనే వీరులమని అనుకోకూడదు. మేం పని పోతుందని వణికే మనుషులం. ఆ భయంతోనే ఒక మనిషిని పోగొట్టుకున్నాం.

మూతపడ్డ బట్టల మిల్లులో సినిమా తీస్తున్నారు. రెండు వందల ఏళ్ళ తర్వాత లోకం ఎలా ఉంటుందో చూపించే సినిమా అట. గాలి మొత్తం ఒక కంపెనీ సొంతమైపోతుంది. కొనుక్కోలేని వాళ్ళు బానిసలు. నల్ల టోపీల భటులు వాళ్ళను వేటాడతారు. ఆడవాళ్ళ బట్టలు చిరగాలి, నెత్తురు చిమ్మాలి, రీలుకొకసారి ఏదో ఒకటి పేలాలి. అంతే కథ. ఇలాంటివి ఏడాదికి మూడు తీస్తారు, ఒక్కొక్కటి ఇరవై రోజుల్లో చుట్టేస్తారు. పాడుబడ్డ భవిష్యత్తు కోసం సెట్టు వెయ్యక్కర్లేదు, ఈ మిల్లు ఉన్నదున్నట్టు సరిపోతుందని ప్రొడ్యూసరు తెగ మురిసిపోయాడు. ఆ మిల్లులో మగ్గాలు నడిపిన చేతులు మావి. మాకు ఒళ్ళు మండింది. మండినా పనికి వెళ్ళాం.

ఆ ప్రొడ్యూసరుకు మేం పెట్టుకున్న పేరు అరగంట. ఏది అడిగినా ఇంకో అరగంటే అంటాడు. అన్నానికి అరగంట, ఇంటికి పోవడానికి అరగంట. పొద్దున తొమ్మిదింటి అరగంట సాయంత్రం నాలుగైనా తెమలదు.

మమ్మల్ని లారీలో తోలుకొచ్చేది జనం మేస్త్రి. సినిమాల్లో గుంపులుగా నిలబడే మాలాంటి వాళ్ళను జనం అంటారు. జనానికి ఒకటే చట్టం. యాక్షన్ అన్న తర్వాత కట్ అనేదాకా చెప్పింది తప్ప ఇంకోటి చెయ్యకూడదు. శవం తుమ్మకూడదు, భటుడు దురదపెట్టినా గోక్కోకూడదు. ఒకసారి శవాల వరసలో ఒకాయన దగ్గాడు. ఆ వరస మొత్తాన్నీ మధ్యాహ్నం అన్నం లేకుండా ఎండలో పడుకోబెట్టారు. మర్నాటి నుంచి మా పిల్లలు కూడా ఇంట్లో కట్ అంటే తప్ప కదలని ఆట ఆడేవాళ్ళు.

నేను టైలర్ని. బానిసల బట్టలు, భటుల బట్టలు అన్నీ నా మిషను మీదివే. బానిసలకు గోనెగుడ్డతో కుడతానన్నాను. గోనె పాతకాలంగా ఉంటుందని అరగంట ఒప్పుకోలేదు. పరుపుల షాపువాళ్ళు పారేసిన స్పాంజి ముక్కలు, ప్లాస్టిక్ పట్టాలు తెచ్చి పడేశాడు.

"మంటల దగ్గర ఇవి పనికిరావు సార్."

"అరగంట షాటమ్మా. ఏమన్నా కాపురం చేస్తారా వాటితో? కుట్టు."

కుట్టాను.

ఆ రోజు మా వదిన మండుతున్న డ్రమ్ముల మధ్య నుంచి పరుగెత్తుకొచ్చి ముగ్గుపిండి గుర్తు దగ్గర పడి చచ్చిపోవాలి. మా అన్నయ్య భటుల వరసలో ఉన్నాడు. నేను గోడవారన సూదీ దారం పట్టుకుని నిలబడ్డాను. ఆమె చెయ్యి డ్రమ్ముకు తగిలింది. స్పాంజి అంటుకోవడం ఎంతసేపు, రెప్పపాటు. అరుస్తూ పరుగెత్తింది. నా పక్కనున్న ముసలామె మెచ్చుకోలుగా తలూపి, "ఎంత బాగా చేస్తోందే" అంది. డైరెక్టరు చెయ్యి గాల్లోనే ఉంది, తిప్పుతూనే ఉండమని కెమెరామన్‌కు సైగ చేస్తూ. అన్నయ్య టోపీ అంచు కిందనుంచి భార్యనే చూస్తున్నాడు. కట్ వస్తుందనుకుంటున్నాడు. అందరం అదే అనుకుంటున్నాం.

చివరికి ఒక శవం లేచింది. మగ్గం మామ. ముప్పై ఏళ్ళు మిల్లులో పనిచేసి, సంఘం నడిపి, మిల్లుతో పాటే మూలపడ్డ మనిషి. గోనెపట్టా పట్టుకుని ఆమె మీద పడ్డాడు.

"కట్" అన్నాడు డైరెక్టరు అప్పుడు. "ఎవడ్రా వాడు, ఫ్రేమంతా పాడుచేశాడు."

సెట్టు మీద డాక్టరు లేడు, దుప్పటి లేదు, బకెట్ నీళ్ళు లేవు. వాన సీను కోసం తెచ్చిన ట్యాంకరు గేటు బయట ఉంది, దాని డ్రైవరు టీకి వెళ్ళాడు.

ఆసుపత్రిలో మూడో రోజు వదినకు తెలివొచ్చింది. నన్ను గుర్తుపట్టి పెదాలు కదిపింది. దగ్గరికి వంగాను.

"షాట్ ఓకేనా అమ్మాయ్?"

"ఓకే వదినా."

"మళ్ళీ చెయ్యక్కర్లేదుగా?"

అక్కర్లేదన్నాను. హమ్మయ్య అన్నట్టు కళ్ళు మూసుకుంది. ఆ తర్వాత ఆమె నాతో ఏమీ మాట్లాడలేదు. తొమ్మిదో రోజు పోయింది.

ఆమె పోయిన మూడో రోజున అరగంట మా ఇంటికి వచ్చాడు, వెనకాల మేస్త్రి. ఒక కాగితం తీసి అన్నయ్య ముందు పెట్టాడు. మా వీధి చివర ఉండే కాలేజీ అమ్మాయి దాన్ని లాక్కుని పైకి చదివింది. ఫీజు కోసం ఆ పిల్ల కూడా మాతో జనంలోకి వస్తోంది. కాగితంలో ఉన్నది ఇదీ. సదరు స్త్రీ సినిమాలో పనిచేసే మనిషి కాదు, షూటింగు చూడ్డానికి వచ్చి హద్దు దాటి లోపలికి చొరబడింది, ప్రమాదం ఆమె స్వయంకృతం.

"చూడ్డానికొచ్చిందా?" అంది ఆ పిల్ల. "మీ మేస్త్రే కదా లారీ ఎక్కించాడు."

"నాకు గుర్తులేదు" అన్నాడు మేస్త్రి, గోడ వైపు చూస్తూ.

"సంతకం పెట్టవయ్యా, అరగంట పని" అన్నాడు ప్రొడ్యూసరు.

అన్నయ్య పెట్టలేదు, పెట్టనని కూడా అనలేదు. ఆ రోజు భటుల వరసలో నిలబడ్డట్టే నిలబడ్డాడు. ఆలోచించుకోమని కాగితం వదిలి వెళ్ళారు.

మర్నాడు మా వీధి గోడ మీద పోస్టరు పడింది. మంటల్లో పరుగెత్తుతున్న ఆడమనిషి. మొహం హీరోయిన్‌ది. ఆ హీరోయిన్ ఆ రోజు సెట్టుకే రాలేదు. నేను దగ్గరికి వెళ్ళి చూశాను. కుడి భుజం దగ్గర అతుకు విడిపోతుంటే ఎర్రదారంతో నేను వేసిన అడ్డకుట్టు ఉంది. ఆ కుట్టు ఆ ఒక్క బట్టకే వేశాను, వదిన ఒంటి మీద ఉండగానే. కింద పెద్ద అక్షరాలతో, ఇదే మీ రేపు, అని రాశారు.

నాకు ఏడుపు రాలేదు. ఒళ్ళంతా కోపం.

ఆదివారం పొద్దున మా ఇంటి ముందు అందరం కూర్చున్నాం. పోస్టరు చింపకుండా ఊడదీసి నేల మీద పరిచాను. కుట్టు చూపించాను. ఈ మంట మా వదినది, హీరోయిన్‌ది కాదు, చొరబడ్డదానిదీ కాదు అన్నాను.

"ఆ స్పాంజి కుట్టింది నువ్వే కదే" అంది వెనకనుంచి ఒకామె. ఆమె కూతురు కూడా బానిసల గుంపులో ఉంది.

"నేనే కుట్టాను. అంటుకుంటుందని తెలిసే కుట్టాను."

గోల మొదలైంది. చేతులు విరగ్గొట్టాలి అన్నారొకరు. అందులో తప్పేముంది, తలొంచుకుని కూర్చున్నాను. అప్పుడు అన్నయ్య లేచాడు. పన్నెండు రోజుల్లో అతని నోటినుంచి మాట రావడం అదే మొదలు.

"అది కుట్టింది. నేను నిలబడ్డాను. పది అడుగుల దూరంలో నా పెళ్ళాం కాలుతుంటే కట్ కోసం నిలబడ్డాను. మీలో మగ్గం మామ తప్ప ఎవరు కదిలారో చెప్పండి, దాని చేతులు వాళ్ళనే విరగ్గొట్టమందాం."



"రేపట్నుంచి వెళ్ళడం మానేద్దాం" అంది కాలేజీ అమ్మాయి.

"మానేస్తే మేస్త్రికి ఇంకో లారీ దొరకదా?" అన్నాడు మగ్గం మామ. "మిల్లు సమ్మెలో గేటు బయట కూర్చుని ఓడిపోయాం తల్లీ. లోపల మనుషుల్ని నింపుకున్నారు. ఈసారి లోపలే కూర్చోవాలి. గురువారం మిల్లు పొగగొట్టం కూలుస్తున్నారు. సినిమాకు అదే ఆఖరి సీను. గొట్టం ఒక్కసారే కూలుతుంది. రెండో టేక్ లేదు."

"మరి మా పొయ్యి?" అన్నాడు ఒక భటుడు. "వెలగొద్దా?"

"వెలిగించుకో" అన్నాడు మామ. "ఎవరి ఒంటి మీద వెలిగిస్తున్నావో చూసుకుని వెలిగించుకో."

గంటన్నర కొట్టుకున్నాం, తిట్టుకున్నాం. కొందరు లేచిపోయారు, వాళ్ళలో సగం మంది తిరిగొచ్చారు. చివరికి మూడు మాటలు తేలాయి. ఆమె సెట్టు మీద పనిలోనే పోయిందని రాసివ్వాలి. ఆ మంట ముక్కను సినిమాలోంచీ పోస్టర్లలోంచీ తీసెయ్యాలి. నీళ్ళు, దుప్పట్లు, డాక్టరు లేకుండా ఇకమీద నిప్పు ముట్టించకూడదు.

గురువారం మూడింటికి మూడు కెమెరాలు పెట్టారు. పొగగొట్టం అడుగున పేలుడు మందు కూరారు. యాక్షన్ అనగానే బానిసలు గొట్టం దగ్గరనుంచి గేటు వైపు పరుగెత్తాలి, భటులు ఎదురొచ్చి కొట్టాలి, అందరూ దూరం పోయాక గొట్టం కూలాలి. నేనూ ఆ రోజు బానిస బట్ట వేసుకున్నాను. గోనెది.

"యాక్షన్."

బానిసలందరం గొట్టం కింద కూర్చున్నాం.

డైరెక్టరు మైకులో, "కట్" అన్నాడు. ఎవరూ కదల్లేదు. "కట్, కట్" అన్నాడు. ఆ రోజు అతని నోటికి రాని మాట ఈ రోజు ఆగడం లేదు. భటుల వైపు తిరిగి, "చూస్తారేంట్రా, లాగెయ్యండి వాళ్ళని" అని అరిచాడు.

భటుల వరసలోంచి అన్నయ్య బయటికొచ్చాడు. టోపీ తీసి నేల మీద పెట్టాడు, చెక్క తుపాకీ దాని పక్కన పెట్టాడు. వచ్చి నా పక్కన కూర్చున్నాడు. అతని వెనకాల పొయ్యి గురించి అడిగిన భటుడు. ఆ వెనకాల అందరూ.

అరగంట పరుగెత్తుకొచ్చాడు. చొక్కా చెమటతో అతుక్కుపోయింది.

"వెలుతురు పోతోందయ్యా. ఇంకో అరగంటే ఉంది. తర్వాత మాట్లాడుకుందాం." అన్నయ్య ముందు గొంతుక్కూర్చున్నాడు. "వచ్చే సినిమాలో నీకు మాట్లాడే వేషం ఇస్తాను. నా మాట విను."

"మాట్లాడుతున్నాగా" అన్నాడు అన్నయ్య. మూడు మాటలూ వరసగా చెప్పాడు.

అరగంట లేచి పోలీసులకు ఫోను చేశాడు. వాళ్ళు నలభై మంది దిగారు. నేను కుట్టిన భటుల బట్టలకూ వాళ్ళ బట్టలకూ ఒకటే తేడా, వాళ్ళవి గట్టి గుడ్డ. వాళ్ళ లాఠీలు మాత్రం చెక్కబొమ్మలు కావు. మొదటి దెబ్బ మగ్గం మామ నెత్తి మీద పడింది. రక్తం చూసి డైరెక్టరు మొహం తిప్పుకున్నాడు. ఇరవై రోజులుగా రంగునీళ్ళు బకెట్లతో పోయించినవాడు.

"మీ నాయకుడెవడు?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

కాలేజీ అమ్మాయి పోస్టరు విప్పి, మంటల్లో ఉన్న మనిషిని చూపించింది. "ఈవిడ. మొహం మీ ప్రొడ్యూసరు దగ్గరుంది, అడిగి తీసుకోండి."

కాళ్ళు పట్టుకుని ఈడ్చారు. ఒక్కరు కూడా తమంతట తాము లేచి వెళ్ళలేదు, ప్రతి మనిషినీ నలుగురు మోయాల్సొచ్చింది. మోసేసరికి ఎండ గోడ దాటి పోయింది. కెమెరామన్లు ఎవరూ చెప్పకుండానే కెమెరాలు మూసేశారు. పొగగొట్టం అలాగే ఉంది.

నన్నూ అన్నయ్యనూ ఆఖరి వ్యానులో పడేశారు. వ్యాను గేటు దాటుతుంటే ఎదురుగా మేస్త్రి లారీ వచ్చి ఆగింది. మమ్మల్ని ఈడుస్తుండగానే అతను వెళ్ళి మా బదులు తెచ్చిన జనం. ఏ వీధివాళ్ళో, ఒక్క మొహం కూడా తెలియదు. వ్యాను జాలీలోంచి అన్నయ్య వాళ్ళతో గట్టిగా ఒక్క మాటే చెప్పాడు.

"మీరు నిలబడబోయే చోట నా భార్య కాలి చచ్చిపోయింది."

మేస్త్రి లారీ తలుపు బాది, దిగండి దిగండి, అరగంట పని అని తొందరపెట్టాడు. దిగారు. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ముందు ఒక పెద్దామె కూర్చుంది, తర్వాత ఆమె పక్కనున్న మనిషి, తర్వాత లారీ మొత్తం గేటుకు అడ్డంగా రోడ్డు మీదే కూర్చుంది.