ఏడుచోట్ల ఆగే బండి

మిక్సరాయన పికప్పు బండికి మూడేళ్ళుగా ఏ రోగమూ లేదు. ఈ రహస్యం తెలిసిన మనిషి ఊళ్ళో ఒక్కడే, స్వయానా మిక్సరాయన. ఇంజను విప్పి, బోరు చేసి బాగుచేసిన మెకానిక్కుకీ తెలుసనుకోండి. కానీ ఆయన షెడ్డు పక్క ఊళ్ళో ఉంది, పైగా ఆయనకి నట్లు గుర్తుంటాయి గానీ మనుషులు గుర్తుండరు. మిగతా లోకమంతటికీ అది ఇవాళో రేపో అన్నట్టున్న ముసలి బండి. అలా కనబడేలా నడపడానికి మిక్సరాయన పడే పాట్లు పగవాడికి కూడా వద్దు.

ఆయన పని కాంక్రీటు మిక్సరు అద్దెకివ్వడం. ఇంటి ముందే గుట్ట. గుట్ట మీద కొత్త ఇళ్ళు లేస్తున్నాయి, పునాది మొదలు శ్లాబు దాకా ప్రతి ఇంటికీ ఈ మిక్సరే కావాలి. దాన్ని పికప్పు వెనక కొక్కేనికి తగిలించి పైకి లాక్కెళ్ళాలి. మొదట్లో బండికి అంత సత్తా ఉండేది కాదు. నలభై గజాలు ఎక్కేసరికి ఆయాసపడి ఆగిపోయేది. ఆగగానే, వెనక నడుస్తున్న బావమరిది మిక్సరు చక్రం వెనక చెక్కదిమ్మ తోసి, తొట్టి మీద అరచేత్తో రెండు దెబ్బలు కొట్టేవాడు. ఆ చప్పుడు వినబడితే బ్రేకు మీంచి కాలు తియ్యొచ్చని అర్థం. బరువంతా దిమ్మ మీద పడేది, ఇంజను కాస్త చల్లబడేది, మళ్ళీ నలభై గజాలు. పాలబూతు దగ్గర ఒకసారి, నీలం గేటు దగ్గర ఒకసారి, వీధి కుళాయి దగ్గర ఒకసారి, అలా మొత్తం ఏడుచోట్ల. నాలుగు నెలలకి దిమ్మ నుజ్జయిపోయేది. బావమరిది పూర్వం కలప కోసే మిల్లులో పనిచేసినవాడు కనక కొత్తది తనే చెక్కుకునేవాడు, కింద టైరు ముక్క కొట్టి, మోసుకోవడానికి తాడు కట్టి.

ఇప్పటికీ అదే పద్ధతి. ఏడుచోట్ల ఆగడమూ, ఏడుసార్లు దిమ్మా, పద్నాలుగు దెబ్బలూ. తేడా అల్లా ఇప్పుడు బండి ఆగదు, మిక్సరాయన ఆపుతాడు. క్లచ్చు సగం తొక్కి ఇంజనుచేత మూలిగిస్తాడు. తనూ కాస్త మూలుగుతాడు. ఆగాక ఎవరికీ కనబడకుండా హ్యాండ్ బ్రేకు లాగుతాడు. బావమరిది చెయ్యి చక్రం దగ్గరికి వెళుతుంది కదా, వేళ్ళు నలిగితే ఎవడిది పూచీ అని.

ఇంత నాటకం దేనికంటారా? బావమరిది మంచం కింద ఒక రేకు పెట్టె ఉంది. దానికోసం.

బావమరిది మంచివాడే, పంతం మాత్రం మహా చెడ్డది. మిల్లు మూతపడ్డాక అక్క ఇంటికొచ్చాడు. మూడోరోజు పొద్దున్నే వంటింటి గుమ్మంలో నిలబడి "అక్కా, నాకేం పని?" అన్నాడు. పని చెయ్యని చోట కంచం ముందు కూర్చోలేడట. ఆవిడ ఆలోచించి, సామాన్ల గదిలో డబ్బాడు మేకులున్నాయి, సైజుల వారీగా వేరు చెయ్యమంది. రెండు రోజుల్లో వేరు చేసి, సీసాల్లో పోసి, సీసాల మీద అంకెలు కూడా వేశాడు. ఇక వీడికేం పని చెప్పాలిరా దేవుడా అని ఆ మహాతల్లి, తమ్ముడు స్నానానికి వెళ్ళిన సమయం చూసి, సీసాలన్నీ మళ్ళీ డబ్బాలోకి ఒంపేసింది. ఇంత తెలివి ఇంకెవరికైనా వస్తుందా?

తల తుడుచుకుంటూ వచ్చి డబ్బా చూశాడు. మర్నాడు చేతిలో రేకు పెట్టె. "కలిపిన మేకులు ఏరే పని నాకొద్దు అక్కా" అని ఒక్క ముక్క అని వెళ్ళిపోయాడు. ఎక్కడో గోడౌనుకి కాపలా ఉన్నాడు. ఎనిమిది నెలలు ఫోను ఎత్తలేదు. ఆ ఎనిమిది నెలలూ ఆవిడ మూడు కంచాలు తీసి, ఒకటి మళ్ళీ గూట్లో పెట్టేసేది. ఆ చప్పుడు మిక్సరాయన రోజూ విన్నాడు. వినడం తప్ప చెయ్యగలిగింది లేకపోయింది.

తర్వాత వాడు మర్చిపోయిన చొక్కాలు తీసుకెళ్దామని వచ్చాడు. సరిగ్గా ఆరోజే గుట్ట మీద బండి వెనక్కి జారింది. ఎవరింటి ముందో పడున్న దుంగ ముక్క తెచ్చి చక్రం వెనక పెట్టింది వాడే. స్టీరింగు పట్టుకుని వణుకుతున్న బావని చూసి "నీకు వెనకాల మనిషి కావాలి బావా" అన్నాడు. ఇంటికొచ్చి పెట్టె విప్పి, బట్టలు చిలక్కొయ్యకి తగిలించాడు. అదీ కథ. బండి బాగుపడిందని వాడికి తెలిసిన మర్నాడు ఆ బట్టలు మళ్ళీ పెట్టెలోకి వెళతాయి. ఈసారి చొక్కాలు మర్చిపోడు.

అంతా సవ్యంగా సాగిపోతుండగా ఆవిడ కొత్త పాట ఎత్తుకుంది.

"మా తమ్ముడికి నలభై ఎనిమిదొచ్చాయి. ఇంకా మీ బండి వెనకాల దిమ్మ మోసుకుంటూ నడుస్తున్నాడు. చూసేవాళ్ళు నన్నంటున్నారు."

"ఏమంటున్నారు?"

"మొగుడు పీనాసి అంటున్నారు."

"నడక ఒంటికి మంచిదే."

"అయితే మీరు నడవండి, వాడు తోల్తాడు."

మిక్సరాయన టీ గ్లాసు అందుకున్నాడు. మూడేళ్ళుగా తను చేస్తున్న మంచిపని పీనాసితనంగా లెక్కకొస్తోంది. కాదని చెప్పాలంటే నిజం చెప్పాలి. నిజం చెబితే ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు, పొద్దుగూకేలోగా తమ్ముడి చెవిన పడుతుంది. కక్కలేక మింగలేక టీ తాగాడు.

ఆవిడ అక్కడితో ఆగే మనిషి కాదు. షోరూముకి తనే ఫోను చేసింది. పాత బండి ఇచ్చేసి, ఇంతకి రెట్టింపు బరువు లాగే కొత్త పికప్పు తీసుకోవడానికి మాట్లాడేసింది. శుక్రవారం పదింటికి షోరూమాయన పాత బండిని పరీక్ష చెయ్యడానికి వస్తాడంది. బావమరిది ఆ మాట విని తలూపి, పెరట్లోకి వెళ్ళి దిమ్మకి తాడు బిగించుకున్నాడు. కొత్త బండొస్తే దిమ్మతో పని లేదు. ఆ సంగతి ఇంట్లో ముగ్గురికీ తెలుసు, ముగ్గురూ ఎత్తలేదు. మిక్సరాయనకి మాత్రం ఆ మూడు రోజులూ అన్నం సయించలేదు.

శుక్రవారం షోరూమాయన ఇస్త్రీ చొక్కా వేసుకుని, చేతిలో అట్ట, అట్టకి కాగితం, చెవి మీద పెన్నుతో వచ్చాడు. పదిహేనేళ్ళుగా పాత బండ్లకి ధర కడుతున్న మనిషి. అమ్మేవాళ్ళు చెప్పే గొప్పలు విని విని ఆయన ముఖం అలా బిగుసుకుపోయింది.

"బండెలా ఉందండీ?"

"దరిద్రంగా ఉంది" అన్నాడు మిక్సరాయన.

షోరూమాయన పెన్ను చెవి మీంచి తియ్యబోయి ఆగాడు.

"ఇంజను పోయింది. క్లచ్చు పోయింది. ఎత్తు ఎక్కదు. మీరు తీసుకోకపోవడమే మంచిది. తీసుకుంటే మీ షోరూముకే చెడ్డపేరు."

"నేను నడిపి చూస్తానండి."

"తాళం పోయింది."

"ఇదిగోండి, ఇంకోటుంది" అంటూ ఆవిడ లోపల్నుంచి తాళం తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. కట్టుకున్నదాని సాయం ఎప్పుడు ఎలా వస్తుందో చెప్పలేం.

షోరూమాయన బానెట్టు ఎత్తి చూశాడు. నూనె కొలిచే పుల్ల తీసి చూశాడు. ఇంజను తిప్పి, తల పక్కకి వంచి విన్నాడు. ఆ ముఖంలో ఏదో కదిలింది. "మిక్సరు తగిలించండి, గుట్ట ఎక్కించి చూద్దాం" అన్నాడు.

"అదెక్కదని చెప్పాను కదండీ!"

"ఎక్కకపోతే దిగుదాం."

బావమరిది అప్పటికే మిక్సరు కొక్కెం తగిలించి, దిమ్మ భుజానికి వేలాడేసుకుని వెనక నిలబడ్డాడు. షోరూమాయన స్టీరింగు ముందు కూర్చున్నాడు. మిక్సరాయన పక్కసీట్లో కూర్చున్నాడు. తన బండిలో ఆ సీటు ఎంత గుచ్చుకుంటుందో ఆయనకి ఇన్నాళ్ళకి తెలిసింది.

"పాలబూతు దగ్గర ఆపాలండీ" అన్నాడు.

"ఎందుకు?"

"ఆపాలి. పద్ధతి."

పాలబూతు వచ్చింది, వెళ్ళిపోయింది. బండి మూలగలేదు, దగ్గలేదు. పక్క అద్దంలో బావమరిది దిమ్మ పట్టుకుని వంగడం కనబడింది. వంగిన చోటికి చక్రం రాలేదు, ముందుకి పోయింది. లేచి నాలుగడుగులు పరుగెత్తాడు. నీలం గేటు దగ్గర మళ్ళీ వంగబోయాడు. బండి అక్కడా ఆగలేదు. కుళాయి దగ్గర వాడిక వంగలేదు. దిమ్మ చేత్తో పట్టుకుని రోడ్డు మధ్యలో నిలబడిపోయాడు. అద్దంలో చిన్నవాడైపోయి, మలుపులో కనబడకుండా పోయాడు.

గుట్ట మీద బండి ఆపి, షోరూమాయన ఇంజను కట్టేశాడు. కాగితం మీద పెన్ను పెట్టి చాలాసేపు చూశాడు.

"దీనికేం రోగమండీ?"

"మీకేం తెలుసు?" అన్నాడు మిక్సరాయన.

"పదిహేనేళ్ళ సర్వీసులో సొంత బండిని ఇలా తిట్టుకున్న మనిషిని మిమ్మల్నే చూశాను. దీన్నిస్తానంటే మేం కళ్ళకద్దుకుని తీసుకుంటాం. కానీ మీకు కొత్తది దేనికండీ?"

మిక్సరాయన బండి దిగి, అంచున నిలబడి రోడ్డుకేసి చూస్తున్నాడు. మలుపులో ముందు దిమ్మ, తర్వాత బావమరిది, వాడి వెనక రొప్పుతూ ఆవిడ కనబడ్డారు. పైకి రావడానికి వాళ్ళకి పది నిమిషాలు పట్టింది. ఆ పది నిమిషాల్లో మిక్సరాయన, బావమరిది రేకు పెట్టె సర్దడం, మెట్లు దిగడం, వీధి మలుపు తిరగడం అన్నీ ఊహలో చూసేశాడు.

"ఎక్కిందే!" అంది ఆవిడ, కొంగుతో మొహం తుడుచుకుంటూ. "ఒక్క ఊపున ఎక్కిందే! మరి ఇన్నాళ్ళూ మా తమ్ముణ్ణి ఎందుకు నడిపించారండీ? మీకసలు మనసుందా?"

బావమరిది దిమ్మ కింద పెట్టి దాని మీద కూర్చున్నాడు.

"అక్కా, నువ్వుండు" అన్నాడు. "బండి బాగుపడిందని నాకు తెలుసు."

మిక్సరాయన వాడి ముందుకొచ్చాడు. "ఎప్పట్నించిరా?"

"నాలుగు నెలలకో దిమ్మ చెక్కేవాణ్ణి కదా బావా. ఇది చెక్కి మూడేళ్ళయింది. చూడు, గీత కూడా పడలేదు. దీని మీద బరువన్నది పడితేగా?"

మిక్సరాయన దిమ్మకేసి చూశాడు. నున్నగా, కొత్తపెళ్ళికూతురిలా ఉంది. ఇంజను మూలుగు గురించి ఆలోచించాడు, తన మూలుగు గురించి ఆలోచించాడు, దిమ్మ అరగాలని మాత్రం ఆయనకి ఒక్కనాడూ తట్టలేదు.

"మరి తెలిసీ ఎందుకు పెట్టావురా?"

బావమరిది కాసేపు తాడుతో ఆడుకున్నాడు. "ఆరోజు జారినప్పుడు నీ మొహం చూశాను బావా. నీకింకా ఆ భయం పోలేదనుకున్నాను. ఒక్క ఊపున ఎక్కించడానికి ధైర్యం చాలక ఆపుతున్నావనుకున్నాను. పైకి చెబితే చిన్నబోతావని ఊరుకున్నాను. భయమున్నన్నాళ్ళూ నాకు పనున్నట్టేగా." తలెత్తి సూటిగా చూశాడు. "అంతేనా? లేక ఇవి కూడా కలిపిన మేకులేనా?"

ముప్పయ్యేళ్ళుగా డ్రైవరు మిక్సరాయన. ఆ గుట్ట మీద కళ్ళు మూసుకుని తోలగలనని పందెం కాసినవాడు. పెళ్ళాం వింటోంది. షోరూమాయన కాగితం మీద పెన్ను పెట్టుకుని మరీ వింటున్నాడు. ఆవిడ విన్నదంటే ఊరంతా విన్నట్టే.

"భయమేరా" అన్నాడు మిక్సరాయన. "వెనకాల నువ్వు లేకపోతే కాళ్ళు వణుకుతాయి."

అన్నాక చూసుకుంటే అందులో అబద్ధమేమీ కనబడలేదు. నిజంగానే వణుకుతున్నాయి.

"అదేనండీ!" అన్నాడు షోరూమాయన ఉత్సాహంగా. "కొత్త బండిలో ఆ బాధే లేదు. ఎత్తు మీద దానంతటదే ఆగుతుంది, జారమన్నా జారదు."

"భయం బండికి కాదండీ, మనిషికి" అన్నాడు బావమరిది. "ఏ బండి ఇచ్చినా ఈయన ఏడుచోట్ల ఆపుతాడు. ఉన్నదాంట్లోనే ఆపుకుంటాం లెండి." లేచి, దిమ్మ భుజానికి తగిలించుకున్నాడు. షోరూమాయన కాగితం మడిచి జేబులో పెట్టుకుని, ఆ గుట్ట నడిచే దిగి వెళ్ళాడు.

"ముందే చెప్పొచ్చుగా ఈ ముక్క" అంది ఆవిడ మొగుడితో. గొంతులో కోపం లేదు. అయినా సాయంత్రానికల్లా పాలబూతు దాకా, మర్నాటికి గుట్ట పైదాకా చెప్పేసింది. అప్పట్నుంచీ మిక్సరాయన అనేవాళ్ళు తగ్గి, పిరికాయన అనేవాళ్ళు పెరిగారు. మేస్త్రీలు ఫోను చేసి "పిరికాయన గారేనా?" అని అడుగుతారు. "ఆఁ, నేనే" అంటాడు, మొహం మాడ్చుకుని.

శనివారం మిక్సరు పైకి తీసుకెళ్ళే పని పడింది. మిక్సరాయన బండెక్కే ముందు బావమరిది గదిలోకి తొంగి చూశాడు. చొక్కాలు చిలక్కొయ్యకే ఉన్నాయి, పెట్టె మంచం కిందే ఉంది. అయినా వాడు ఆ భయం మాట నమ్మాడా, లేక తన మీద జాలిపడ్డాడా అన్న పీకులాట మాత్రం పోలేదు.

పాలబూతు దగ్గర ఆపాడు. హ్యాండ్ బ్రేకు లాగాడు, ఈసారి దాచకుండా, చప్పుడయ్యేలా. పక్క అద్దంలో చూశాడు. బావమరిది తాపీగా వచ్చి, వంగి, దిమ్మ నేల మీద పెట్టాడు. దిమ్మకీ చక్రానికీ మధ్య జానెడు ఖాళీ ఉంది. బండి జారితే అది ఆపేదేమీ లేదు. కలప కొలిచి కోసిన చెయ్యి వాడిది, జానెడు పొరపాటు చేసే చెయ్యి కాదు. పెట్టి, లేచి, అద్దంలో బావ కళ్ళలోకే చూశాడు.

అంటే ఈ ఆపడం భయంతో కాదని వాడికి తెలుసు. తెలిసే ఉన్నాడు.

తొట్టి మీద రెండు దెబ్బలు వినబడ్డాయి. మిక్సరాయన బ్రేకు మీంచి కాలు తీసి, కళ్ళు తుడుచుకుని, నీలం గేటు దాకా పోనిచ్చి మళ్ళీ ఆపాడు.