గౌతమి బ్రిడ్జి మీద పందెం

పందెం పెట్టింది అమ్మిరాజు. కాబట్టి ఆ రోజు గౌతమి బ్రిడ్జి మీద జరిగినదానికి ఎవరినైనా అనాలంటే ముందు ఆయన్నే అనాలి.

అది రెండువేల సంవత్సరం, ఆషాఢమాసం. పలివెలలో పదేళ్ళపాటు కొబ్బరిచెట్లెక్కి కాయల దింపు తీసిన అమ్మిరాజు మస్కట్ వెళ్ళి అప్పటికి మూడేళ్ళు. కిందటి సెలవులో ముచ్చటపడి హీరో హోండా కొన్నాడు. కాలవగట్టు మీద నెల్లాళ్ళు తిప్పి, రెండుసార్లు గడ్డిమేటులో దూరి, బండి మీద పాత దుప్పటి కప్పేసి విమానం ఎక్కేశాడు. ఆ దుప్పటి తీసింది ఆయన భార్య రామలక్ష్మి. తన తమ్ముడు హేమంత్ వెనక కూర్చుని చెబుతుంటే పదిహేను రోజుల్లో నేర్చేసుకుంది. ఊరు ముక్కున వేలేసుకుంది. నాలుగు రోజులు పోయాక ఆ వేలు తీసేసి, కొత్తపేట దాకా దింపుతావా అమ్మా అని అడగడం మొదలెట్టింది.

ఇప్పుడామెకి గోదారి అవతల కడియపులంకలో కుట్టుపని నేర్పే సెంటర్లో టీచరుగా ఉద్యోగం ఇస్తూ ఉత్తరం వచ్చింది. పొద్దున్న తొమ్మిదికల్లా అక్కడుండాలి. రావులపాలెంలో బస్సు మారాలి, ఒకటి దొరికితే ఇంకోటి దొరకదు. బండి తప్ప దారి లేదు. పెళ్ళయ్యాక ఆమె పేరు మీద వచ్చిన మొదటి ఉత్తరం అది. ఇరవైసార్లు చదివింది, ఇరవైసార్లూ పేరు దగ్గర ఆగింది.

సెలవుకొచ్చిన అమ్మిరాజు వద్దంటే వద్దన్నాడు. కాలవగట్టు వేరు, హైవే వేరు. రావులపాలెం దాటగానే గౌతమి బ్రిడ్జి, బ్రిడ్జి మీద ఆషాఢం గాలి, గాలిలో ఒకదాని వెనక ఒకటి లారీలు. మూడు రోజులు మొగుడూపెళ్ళాలకి మాటల్లేవు. నాలుగోరోజు ఆయనే ఒక మెట్టు దిగి పందెం చెప్పాడు. తనని వెనక ఎక్కించుకుని, ఎక్కడా కాలు కింద పెట్టకుండా బ్రిడ్జి దాటాలి. దాటితే ఉద్యోగానికి వెళ్ళొచ్చు. మధ్యలో ఆగితే బండి అమ్మెయ్యడమే. రామలక్ష్మి "ఆయ్" అని ఒప్పేసుకుంది. అనేశాక పెరట్లోకి వెళ్ళి కొబ్బరాకులు గాలికి ఎంత ఊగుతున్నాయో చూసొచ్చింది.

ఆమె గుబులు కనిపెట్టింది అత్తగారు అచ్చయమ్మ. ఆవిడ భర్త సరుకు పడవ నడిపేవారు. గాలి సంగతి ఈ ఇంట్లో తనకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలీదని ఆవిడ నమ్మకం. "ఖాళీ పడవని గాలి ఆడిస్తాదమ్మా. సరుకున్న పడవ జోలికి రాదు. బండికి బరువెయ్యండి," అంది. కాలవల మధ్య పుట్టి పెరిగినవాళ్ళు ఆ మాట ఎలా కాదంటారు? వలవని కొబ్బరికాయలు అటు గోతంలో పదిహేను, ఇటు గోతంలో పదిహేను వేసి, సీటుకి రెండు పక్కలా తాళ్ళతో వేలాడదీశారు. అమ్మిరాజు వాటి మీద కాళ్ళు చాపుకుని, ఊరేగింపుకి బయల్దేరిన పెళ్ళికొడుకులా కూర్చున్నాడు.

రావులపాలెం దాకా బాగానే ఉంది. హైవే ఎక్కి యాభై దాటించేసరికి రామలక్ష్మికి భయం పోయి నవ్వొచ్చింది కూడా. బ్రిడ్జి మొదలైంది. కింద ఎర్రనీళ్ళు నిండుగా పోతున్నాయి. ఎడమవైపు నుంచి గాలి వచ్చి బండిని రోడ్డు మధ్యకి తోసింది. ఆమె పళ్ళు బిగించి హేండిల్ ఇటు లాగింది. ఎదురుగా లారీ వచ్చింది. అది పక్కనుంచి పోతున్నంతసేపూ పెద్ద హోరు, పోయాక చెంప మీద కొట్టినట్టు ఒక దెబ్బ. బండి ఇటూ అటూ ఊగింది. సర్దుకునేలోపల మళ్ళీ ఊగింది. వెనక నుంచి అమ్మిరాజు ఆంజనేయస్వామిని పిలుస్తున్నాడు. సరిగ్గా బ్రిడ్జి మధ్యలో ఆమె పక్కకి తీసి కాలు కింద పెట్టేసింది.

ఆ కాలు నేలకి ఆనకముందే ఆయన దూకేశాడు. మొహంలో నెత్తురు లేదు. తోసుకుంటూ వెనక్కి పోదాం పద అన్నాడు. రామలక్ష్మికి కళ్ళనీళ్ళొచ్చాయి. ఉద్యోగం పోయింది, బండీ పోయింది. తల దించుకుని చూస్తే, ఆగివున్న బండికి గోతాలు రెండూ ఇంకా ఊగుతున్నాయి. అలా చూస్తూ ఉండిపోయింది. పడవలో సరుకు అడుగున కూర్చుంటుంది. ఇక్కడ ఉయ్యాల్లో పిల్లాడిలా వేలాడుతోంది. గాలి ఒకసారి తోస్తే కాయలు నాలుగుసార్లు తోస్తున్నాయి.

"ముందు ఈ కాయలు దింపండి," అంది.

దింపడం ఆయనకి కొత్తా? చిటికెలో తాళ్ళు విప్పేశాడు. కానీ మళ్ళీ బండెక్కమంటే మాత్రం రెయిలింగు పట్టుకుని కదల్లేదు.

"నేనెక్కనే. అరవై అడుగుల చెట్టు మీద కూడా నాకింత భయం లేదు. అక్కడ నా పట్టు నా చేతిలో ఉంటాది. ఇక్కడ ప్రాణం నీ చేతికిచ్చేసి ఊరికే కూచోవాలి."

రామలక్ష్మి కళ్ళు తుడుచుకుంది. "పదేళ్ళు మీరు చెట్టెక్కేరు, నేను కింద నిలబడ్డాను. అప్పుడు నా చేతిలో ఏ పట్టుందండీ?"

జవాబు కోసం ఆగకుండా బండి స్టార్టు చేసి ఒక్కతే కదిలింది.

ఆ పదేళ్ళూ చెట్టు కింద నిలబడి ఊరికే ఏడ్చిందేమీ కాదు ఆమె, అన్నీ చూసింది. గాలి వస్తే ఆయన చెట్టుతో కొట్లాడడు. కాళ్ళు బిగించి, భుజాలు వదులు చేసి, మాను ఎటు ఊగితే అటు ఊగుతాడు. ఆమె మోకాళ్ళతో టాంకు నొక్కిపెట్టి, వేళ్ళు వదులు చేసింది. గాలి తోసింది. ఒళ్ళు కాస్త గాలివైపు వాల్చింది. బండి బుద్ధిగా తిన్నగా పోయింది. లారీ వచ్చింది, దెబ్బ కొట్టింది, పోయింది. ఓస్ ఇంతేనా అనుకుంది. అరవైలో పోతోంది, చున్నీ నడుముకి బిగించి ఉంది, చెవుల్లో గోదారంత హోరు. ఎవరూ వినరు కదా అని గట్టిగా కేక పెట్టింది. అవతలి ఒడ్డున జొన్నాడ వచ్చాక టీ కొట్టు దగ్గర బండి తిప్పుకుని, మళ్ళీ ఒక కేక పెట్టేందుకు బ్రిడ్జెక్కింది.

మధ్యలో అమ్మిరాజు ఖాళీ గోతాలు చంకలో పెట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆమె వెళ్ళిన దగ్గర్నుంచీ కాయకో మొక్కు చొప్పున ముప్ఫై కాయలూ గోదారమ్మకి సమర్పించేశాట్ట. అది చూసి లారీవాడొకడు ఇక్కడేదో మహిమ ఉందనుకుని రూపాయి బిళ్ళ విసిరి దణ్ణం పెట్టుకుని మరీ వెళ్ళాడు.

"పందెం నేను ఓడిపోయినట్టేనా అండీ?" అని అడిగింది రామలక్ష్మి.

"ముందు దూకింది నేను గదా," అని బండెక్కాడు అమ్మిరాజు. రావులపాలెం చివర ఆమె ఇంటివైపు తిప్పబోతుంటే ఆపి, కడియపులంక పోనిమ్మన్నాడు, నువ్వు పాఠం చెప్పే చోటు చూడొద్దా అన్నాడు.

మళ్ళీ బ్రిడ్జి మీదికి వస్తుంటే ఆమె చెవి దగ్గరగా వంగి చెప్పాడు. "రేపట్నుంచి సెలవున్నన్నాళ్ళూ పొద్దున్నే ఇక్కడిదాకా నీతో వస్తాను. వచ్చి దిగిపోతాను. నువ్వు బ్రిడ్జి దాటుతుంటే ఒడ్డున నిలబడి చూడ్డం నేనూ నేర్చుకోవాలి గదా."

రామలక్ష్మి తలాడించి, బండిని మూడో గేరులోంచి నాలుగులోకి వేసింది.