సోమక్క పుట్టినరోజు ఫ్లెక్సీ

రమ పోయిన రోజు వీరభద్రం సారు ఎవరితోనూ మాట్లాడలేదు. నివాళి ఫ్లెక్సీకి ఫోటో కావాలని వరంగల్ నుంచి ఫ్లెక్సీలు వేసే భానుచందర్ ఫోన్ చేస్తే, సెల్లులో ముందుగా కనబడిన భార్య ఫోటో పంపి ఊరుకున్నాడు. బతుకమ్మ నాడు రమ, ఆమె అక్క సోమక్క పక్కపక్కన నిలబడి దిగిన ఫోటో అది. ఇద్దరిలో ఎవరని అడగడానికి భానుచందర్‌కు నోరు రాలేదు. పెద్దామే పోయి ఉంటుందని లోకరీతిన అనుకుని, చెల్లెల్ని కత్తిరించేశాడు.

మర్నాడు నెక్కొండ పోస్టాఫీసు ఎదుట 'శ్రీమతి రమ గారికి అశ్రునివాళి' అన్న అక్షరాల పైన సోమక్క నవ్వుతూ వేలాడింది. సారు తలెత్తి చూడలేదు. చూసినవాళ్లు, ఇంత దుఃఖంలో ఉన్న మనిషికి ఏం చెబుతామని చెప్పలేదు.

పెద్దకర్మ అయ్యాక సోమక్క తన వితంతు పింఛన్ తీసుకుని పోస్టాఫీసు మెట్లు దిగుతూ ఆ ఫ్లెక్సీని చూసింది. "పోవాల్సింది నేనే గదనే," అని కళ్లు తుడుచుకుంది. ఎదురుగా చాయ్ తాగుతున్న టీవీ విలేకరి శశాంక్ ఆమెను చూశాడు, ఫ్లెక్సీని చూశాడు, గ్లాసు కింద పెట్టాడు.

ఆ సాయంత్రం టీవీలో 'చచ్చినా వదలని పింఛన్!' అని వచ్చింది. ఒకే మహిళ, రెండు పేర్లు, ఒక చావు. సోమక్క బొటనవేలి చుట్టూ ఎర్రటి గీత గీశారు. చనిపోయినామె వేలిముద్రను యంత్రం ఎలా ఒప్పుకుందని ముగ్గురు మేధావులు వాదించుకున్నారు. ఆమె బతికే ఉందేమోనన్న అనుమానం ఒక్కరికీ రాలేదు. సారు ఆ ఫ్లెక్సీని మొదటిసారి చూసింది టీవీలోనే.

పింఛన్ ఆగిపోయింది. సారు వదినెను వెంటబెట్టుకుని శశాంక్ దగ్గరికి వెళ్లాడు.

"ఈమె బతికే ఉన్నది. పోయింది నా భార్య."

"నాకు కనవడుతలేదా సార్, బతికే ఉన్నది," అన్నాడు శశాంక్. "కానీ సచ్చిపోయినట్టు మా దగ్గర విజువల్ ఉన్నది. బతికున్నట్టు విజువల్ ఏది?"

"ముంగట నిలవడ్డ గదరా!" అంది సోమక్క.

"నువ్వు నిలవడితె కాదు పెద్దమ్మా. సార్, గా ఫ్లెక్సీ కట్టిచ్చింది మీరే. బతికున్నదని ఇంకోటి కట్టియ్యుండ్రి, అచ్చి షూట్ చేస్త."

బతికున్నవాళ్లకు ఊళ్లో ఫ్లెక్సీ కట్టేది పదవి వస్తే, లేకుంటే పుట్టినరోజుకు. సోమక్కకు పదవి రాదు.

"నేనెన్నడు పుట్టిన్నో మా అవ్వకే యాది లేకుండె," అంది సోమక్క. "నా మొకానికి పుట్టినరోజా మరిదీ?"

సారు పాతది దింపించి, 'సోమక్క గారికి జన్మదిన శుభాకాంక్షలు' అని కొత్తది కట్టించాడు. సిగ్గుపడిన భానుచందర్ పైసలు తీసుకోకపోగా, తన తరఫున అటొకటి ఇటొకటి సింహాలను కూడా వేశాడు.

శశాంక్ మాట తప్పలేదు. కెమెరాతో వచ్చాడు. ఆ సాయంత్రం 'పింఛన్ సొమ్ముతో జల్సా!' అని వచ్చింది. ఈసారి ఎర్రటి గీత సింహాల చుట్టూ ఉంది. "నేను బతికే ఉన్న బిడ్డా," అని సోమక్క మైకులో చెబుతుంటే, కింద 'సోమక్కగా చెప్పుకుంటున్న మహిళ' అని అక్షరాలు పరుగెత్తాయి.

"నేను నేను కాదంటాండ్రు మరిదీ," అంది సోమక్క, టీవీ మీంచి చూపు తిప్పకుండా. "రమ ఉంటె చెప్తుండె, నేనెవరో."

సారు లేచి టీవీ ఆపేశాడు.

పింఛన్ గురించి మండలాఫీసులో అడిగితే విచారణ జరగాలన్నారు. విచారణకు ఇంకా ఎవరూ రాలేదు. సోమక్క పింఛన్ మళ్లీ మొదలు కాలేదు. రమ ఫోటోతో ఫ్లెక్సీ ఇంకా కట్టలేదు.